పైన ఇసుక, కింద బంక: మెట్ట అడవి నేలకంతా ఒకే గొయ్యి కొలతా?

తొలకరి పడిందంటే మన మెట్ట పల్లెల్లో ఒక సలహా తప్పకుండా వినిపిస్తుంది. "ఇది ఇసుక నేల, నీరు నిలవదు. రెండడుగుల గొయ్యి తీసి జీడి పెట్టండి, మామిడి పెట్టండి, ఏదైనా వస్తుంది." మందస, మెళియాపుట్టి, పాతపట్నం, కొత్తూరు వైపు గానీ, ఇటు మెంటాడ, గంట్యాడ, శృంగవరపుకోట కొండల అంచున గానీ అడవి పక్క భూములన్నిటికీ ఇదే మాట. అక్కడే పలుగు పట్టుకున్న పెద్దాయనెవరో "పైన ఇసకేటి బాబూ, జానెడు దిగితే బంకే కదేటి. వానల్లో సూడండి, గోతుల్నిండా నీరే" అంటాడు. ఆయన మాట ఏ కాగితం మీదికీ ఎక్కదు. రెండేళ్ళ తర్వాత సగం మొక్కలు ఎండిపోతే ఎండను తిడతాం, పశువులను తిడతాం, నర్సరీని తిడతాం. ఆ గొయ్యిలోకి మళ్ళీ తొంగి చూసేవాళ్ళు తక్కువ.

అడవి అంచు మెట్టలో ఏ మొక్క నాటాలి, ఎంత గొయ్యి తీయాలి, కందకం ఎక్కడ తవ్వాలి అన్న మూడు నిర్ణయాలూ బంకమట్టి ఎంత లోతులో మొదలైందో చూశాకే జరగాలన్నది నా అభిప్రాయం. పై మట్టిని పిడికిట్లోకి తీసుకుని "ఇసుకే" అని తేల్చేస్తే ఆ నేల గురించి దాదాపు ఏమీ తెలియనట్టే. ఎందుకంటే ఇక్కడ నీరు ఎటు పోవాలో, వేరు ఎక్కడ ఆగాలో, ఏప్రిల్లో చెట్టు దేనిమీద బతకాలో నిర్ణయించేది కింది పొర.

2015లో మొదలైన భూసార కార్డుల పథకం చేసిన మేలును తక్కువ చేయను. కానీ ఆ కార్డులో ఉండేవి 12 అంశాలు: ఆమ్ల క్షార స్థితి, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పొలం పంటలకు మట్టి తీసే లోతు 15 సెం.మీ. దగ్గర ఆగుతుంది. వరికీ వేరుశనగకూ ఆ లోతు సరిపోతుంది. చెట్టుకు సరిపోదు. తోట వేసేవాళ్ళు మీటరు లోతు దాకా పొరపొరకూ వేరుగా నమూనా తీయాలని వ్యవసాయ శాఖ వాళ్ళే చెబుతారు, ఆ మాట పల్లె దాకా రావడం అరుదు. పైగా మట్టిలో ఇసుకెంత, బంకెంత అన్నది ఆ 12 అంశాల్లో లేదు. కార్డు చేతిలో ఉన్నా, కాలి కింద జానెడు లోతున ఉన్న గోడ సంగతి అందులో కనిపించదు.

బంక ఎలా వచ్చింది

మన కొండలు ఎక్కువగా ఖోండలైటు, చార్నొకైటు, గ్రానైటు జాతి నైసు రాళ్ళు. అవి చివికినప్పుడు స్ఫటికం అరగదు, ఇసుకగా మిగులుతుంది. ఫెల్‌స్పారు అనే ఖనిజం కెయోలిన్ అనే రకం బంకగా మారుతుంది. గార్నెట్టులోని ఇనుము తుప్పు పట్టి ఎరుపు ఇస్తుంది. అంటే ఇసుకా బంకా ఒకే రాతి పిల్లలు. మరి అవి పైనొకటి, కిందొకటి ఎందుకు చేరాయి?

దీనికి ఒకే కారణం చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించలేను. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది బంక కిందికి దిగడం: ఎండిన నేల మీద తొలి వాన పడగానే సన్నని బంక రేణువులు నీటిలో కలిసి రంధ్రాల వెంట దిగుతాయి, నీరు ఇంకిపోయిన చోట మట్టి గడ్డల మీద పూతలా అంటుకుంటాయి. నాలుగైదు నెలలు గట్టి వాన, ఆ తర్వాత అంతకు మించిన ఎండ ఉన్న చోట ఇది బాగా సాగుతుంది, అంటే మన వాతావరణమే. కింది పొర గడ్డను విరిచి భూతద్దంతో చూస్తే ముఖాల మీద మైనం రాసినట్టు మెరిసే పూత దీనికి ఆనవాలు. కానీ వాలు భూమిలో ఇంకోటి కూడా జరుగుతుంది. వాన నీరు పైపైన పారుతూ సన్న బంకను కడిగి గెడ్డలో (వాగులో) కలుపుతుంది, బరువైన ఇసుక అక్కడే మిగిలిపోతుంది. కొండ పై నుంచి జారిన ఇసుక పాత బంక నేలను కప్పేసిన చోట్లూ ఉన్నాయి. ఏ కారణం ఎక్కువన్నది మడి మడికీ మారుతుంది. అందుకే ఒక గట్టుకు ఇటు జానెడులో తగిలిన బంక, అటు నడుం లోతుకు దిగినా దొరకకపోవచ్చు.

నేలల వర్గీకరణలో వీటిని ఆల్ఫిసాల్స్ అంటారు. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏళ్ళ తరబడి పరిశోధించిన ఎర్ర నేలలు కూడా ఈ వర్గంలోవే. పై పొరలో బంక 15 శాతానికి తక్కువైతే కింది పొరలో కనీసం 3 శాతం ఎక్కువుండాలి, 15 నుంచి 40 మధ్య ఉంటే కనీసం 1.2 రెట్లుండాలి అన్నది ఆ వర్గీకరణ పెట్టిన హద్దు. మన అడవి మెట్టల్లో తేడా దీన్ని చాలా దాటిపోతుంది. పైన నూటికి పది పాళ్ళున్న బంక, జానెడు మందంలోనే ముప్పై, నలభై పాళ్ళకు చేరే చోట్లు ఎన్నో. మార్పు ఎంత నిట్టనిలువుగా ఉంటే చెట్టుకు అంత కష్టం. బంక క్రమంగా పెరిగే చోట నీరూ వేరూ సర్దుకుంటాయి.

వాన పడ్డాక లోపల జరిగేది

30 సెం.మీ. ఇసుక, దాని కింద గట్టి బంక ఉన్న నేల తీసుకుందాం. ముందే తడిసి ఉన్న ఇసుకలో ఇంకా నీరు పట్టే ఖాళీ సుమారు 20 శాతం. అంటే 60 మి.మీ. వానకు ఆ పొర నిండిపోతుంది. వేళ్ళ దారులు లేని బంక గంటకు 2 నుంచి 5 మి.మీ. కంటే తాగదు. వాయుగుండం పట్టి 8 గంటల్లో 150 మి.మీ. కురిసిందనుకోండి: బంకలోకి 16 నుంచి 40, ఇసుకలో 60 పోగా మిగిలేది 50 నుంచి 75. ఆ నీరు పైన పారుతుంది, లేదా బంక నెత్తి మీదుగా లోపల్లోపలే వాలు వెంట నడుస్తుంది. కొండ దిగువ మళ్ళలో వాన ఆగిన వారానికి కూడా గట్టు కింద నుంచి ఊట రావడానికి కారణం ఇదే. ఆ ఊట మీద ఆధారపడి దమ్ము పట్టే పల్లపు రైతులు ఉన్నారు. కాబట్టి బంకను శత్రువుగా చూడటం కూడా పొరపాటే. అది లేకపోతే పై వాన తిన్నగా అందని లోతుకు పోయేది.

చెట్టు వైపు నుంచి చూస్తే ఆ వారం రోజులే ప్రమాదం. ఇసుకలోని గాలి అంతా నీటితో నిండింది. కొత్త పిల్లవేళ్ళు గాలి లేక రెండు మూడు రోజుల్లోనే నల్లబడతాయి. జీడికి, టేకుకు నీరు నిలిస్తే అసలు పడదు. ఆకు పసుపు తిరుగుతుంది, మొక్క వాడుతుంది, అప్పుడు నీరు చాలలేదనుకుని ఇంకో బిందె పోస్తారు. నీటిలో మునిగి వాడే మొక్కకూ దాహంతో వాడే మొక్కకూ పైకి కనిపించే లక్షణం దాదాపు ఒకటే. మొదలు పక్కన గునపంతో ఒక రంధ్రం చేసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎండాకాలంలో ఇదే నేల తిరగబడుతుంది. 30 సెం.మీ. ఇసుక చెట్టుకు ఇవ్వగలిగే నీరు 25 మి.మీ.కు మించదు. మేలో రోజుకు 5, 6 మి.మీ. ఆవిరైపోతుంటే అది నాలుగైదు రోజుల భత్యం. దాని కింద 70 సెం.మీ. బంకలో మాత్రం ఇంకో 90 మి.మీ. దాకా ఉంటుంది. వేరు అక్కడికి చేరిన చెట్టు మే గట్టెక్కుతుంది. చేరని చెట్టు పక్కనే నీళ్ళున్నా ఎండుతుంది. ఎండిన కెయోలిన్ బంక గునపాన్ని తిప్పికొట్టేంత గట్టిపడుతుంది, మార్చిలో కొత్త వేరు అందులో దూరలేదు. వేరు దిగాల్సింది బంక తడిగా, గాలాడుతూ ఉండే కాస్త కాలంలోనే, ముఖ్యంగా అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. "ఇసుక నేల కదా, రోజూ కాస్త పోయండి" అన్న సలహా ఇక్కడే దెబ్బ తీస్తుంది. మొదటి ఆరు నెలలు సరే. ఆ తర్వాత కూడా రోజూ పైపైన తడిపితే వేళ్ళన్నీ ఆ ఇసుకలోనే పరుచుకుంటాయి. రెండో ఏడు నుంచి విడుపు పెంచి, ఒకేసారి బంక తడిసేంత పోయాలి.

నల్లరేగడితో పోల్చి ఒక మాట. రేగడి ఎండితే పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళ దారిన తొలి వాన లోపలికి పోతుంది. మన కొండ బంక కెయోలిన్ జాతి కాబట్టి అంతగా పగలదు. దానికి దారులు చేసేవి చచ్చిన వేళ్ళు, చెదలు, చీమలు, వానపాములు. ఈ సంగతి తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

గొయ్యి తొట్టి అయ్యే తీరు

ఇప్పుడు రెండడుగుల గొయ్యి దగ్గరికి వద్దాం. 60 సెం.మీ. చదరం, 60 లోతు. బంక 20 సెం.మీ. దగ్గర మొదలైన చోట ఈ గొయ్యి 40 సెం.మీ. మేర బంకలోకి దిగుతుంది. అంటే 144 లీటర్లు పట్టే తొట్టి ఒకటి భూమిలో పాతినట్టు. దాన్ని వదులు మట్టితో, పెంటతో నింపుతాం. చుట్టుపక్కల ఇసుకలో, బంక మీదుగా నడిచే నీరంతా వదులుగా ఉన్న ఈ గోతిలోకే చేరుతుంది. ఎంత పెద్ద గొయ్యి తీస్తే మొక్కకు అంత మేలన్న నమ్మకం ఇక్కడ సరిగ్గా తలకిందులు. గోతిలో కుళ్ళని పెంట ఉంటే ఇంకా చెడు, నీటి కింద అది కుళ్ళుతూ మిగిలిన కాస్త గాలినీ తినేస్తుంది.

ట్రాక్టరు బర్మాతో తీసిన గుండ్రని గొయ్యికి ఇంకో రోగం ఉంది. బంక తడిగా ఉన్నప్పుడు బర్మా తిరిగితే గోడలు నున్నగా మెరుగు పట్టినట్టవుతాయి. ఆ మెరుగు ఎండితే వేరు దాన్ని చీల్చలేక గోడ వెంట గుండ్రంగా తిరుగుతుంది. మూడేళ్ళు బాగానే పెరిగి, ఆ తర్వాత ఎందుకో ఆగిపోయిన మొక్కను పీకి చూస్తే వేళ్ళ ముద్ద గోతి ఆకారంలోనే ఉంటుంది. మందు: గొయ్యి చదరంగా తీయడం (మూలల దగ్గర వేరు దారి మార్చుకుని బయటికి పోతుంది), గోడలను గునపంతో గీసి గరుకు చేయడం, అడుగున మూలకొక పోటు చొప్పున జానెడు లోతు గునపం దించడం. బంకను పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి, వేలితో పొడిస్తే పొడిగా విడిపోయే తడిలోనే ఈ పని చేయాలి. తీగలా సాగుతుంటే ఆగాలి.

తవ్విన మట్టిని ఎటు వేస్తున్నామన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం ఫలితం దానిమీదే. పై ఇసుకమట్టిని ఒక పక్క, బంకను ఇంకో పక్క వేయాలి. నింపేటప్పుడు పై మట్టే గోతిలోకి పోవాలి, చాలకపోతే చుట్టూ పైపైన గీరి తేవాలి. బంకను వాలు కింది వైపు అర్ధచంద్రాకారపు గట్టుగా వేసుకోవచ్చు, గొయ్యికి మీటరు దూరంలో. మామూలుగా జరిగేది దీనికి విరుద్ధం: ముందు తీసిన మంచి మట్టి అడుగుకు పోతుంది, చివర తీసిన బంక పైన మూతలా కూర్చుంటుంది. తొలి వానకే అది పెంకు కడుతుంది.

మట్టి పనికి కూలి ఘనపు మీటర్ల లెక్కన కడతారు. లోతు తగ్గితే కూలి తగ్గుతుంది. జానెడు ఇసుక ఉన్న చోట తక్కువ లోతు గొయ్యి, ఎత్తు మట్టిదిబ్బ మేలని తెలిసిన కూలీ కూడా రెండడుగులు తవ్వాల్సిందే. కొలత పద్ధతిలోనే దిబ్బకూ చోటిస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. ఇది నేల శాస్త్రం చేయగలిగిన పని కాదు, అంచనాలు రాసేవాళ్ళు చేయాల్సింది.

మీటరు గొయ్యి తీసి చదవడం

ఎకరానికి మూడు పరీక్ష గోతులు చాలు: మెరకన ఒకటి, నడి వాలున ఒకటి, దిగువన ఒకటి. మీటరు లోతు, మనిషి దిగి చూసేంత వెడల్పు. ఒక మనిషికి ఒక రోజు పని. అదీ కుదరకపోతే దారి కోతలు, బావి గోడలు, గ్రావెల్ తవ్విన గుంతల అంచులు చూడండి, అక్కడ నేల తన పొరలన్నీ చూపిస్తూ ఉంటుంది. పుట్టలు కూడా మంచి ఆనవాలు. చుట్టూ తెల్లటి ఇసుక ఉండి, పుట్ట మాత్రం ఎర్రగా, జిగటగా ఉందంటే చెదలు ఆ మన్నును కింద నుంచి మోసుకొచ్చాయి.

గోతిలో చూడాల్సింది మొదట లోతు. పైనుంచి ప్రతి 10 సెం.మీ.కూ పిడికెడు మట్టి తీసి, తడిపి, ముద్ద చేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బనులా సాగదీయండి. రిబ్బను రాకపోతే ఇసుక. 2.5 సెం.మీ. లోపే తెగితే గరప, ఇసుక కలిసిన మట్టి. 2.5 నుంచి 5 దాకా సాగితే బంక బాగానే ఉంది. 5 దాటితే అచ్చమైన బంక. రిబ్బను ఒక్కసారిగా పొడవైన లోతును రాసుకోండి. ఆ అంకె మీ మడికి అన్నిటికంటే ముఖ్యమైన కొలత.

తర్వాత రంగు. నిండు ఎరుపు ఒకే తీరున ఉంటే నీరు పోతోందని అర్థం. బంక నెత్తిన బూడిద రంగు మచ్చలు, వాటి చుట్టూ తుప్పు రంగు చారలు, శనగగింజంత నల్లటి ఇనుప గుళ్ళు కనిపిస్తే అక్కడ ఏటా కొన్ని వారాలు నీరు నిలుస్తోంది. మేలో చూసినా ఈ మచ్చలు ఉంటాయి, వానాకాలం దాకా ఆగక్కర్లేదు. అడవి మెరక నుంచి పల్లానికి దిగుతుంటే ఎరుపు, పసుపు, బూడిద వరసగా రావడం గమనిస్తే వాలు మొత్తం నీటి నడక తెలుస్తుంది.

మూడోది వేళ్ళు. పక్కనున్న పొదల వేళ్ళు బంక మీద అడ్డంగా మడత పడ్డాయా, లోపలికి దిగాయా? దిగితే ఏ దారిన? చాలాసార్లు పాత వేరు కుళ్ళిన గొట్టంలోంచే కొత్త వేరు దిగి ఉంటుంది.

చివరిగా నీటి పరీక్ష. బంకలో 30 సెం.మీ. లోతు రంధ్రం చేసి నీటితో నింపి ఇంకిపోనివ్వండి. మళ్ళీ నింపండి. 24 గంటల తర్వాత కూడా నీరు మిగిలి ఉంటే ఆ చోట గొయ్యి తీసి జీడి, మామిడి పెట్టొద్దు.

లోతు తెలిశాక నేను పెట్టే లెక్క ఇది. బంక 25 సెం.మీ. లోపే ఉంటే చెట్ల కోసం గొయ్యి వద్దు. అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటాలి. అక్కడ నీటిని ఓర్చుకునే నేరేడు, కానుగ, గెడ్డ ఒడ్డయితే తెల్లమద్ది నయం. లేదంటే చోడి (రాగులు), సామ, గడ్డి వేసుకుని చెట్ల ఊసు మానేయడం. 25 నుంచి 60 మధ్య అయితే గొయ్యి బంక నెత్తి దాకానే తీసి, తవ్విన పై మట్టితో కాస్త ఎత్తు చేసి జీడి పెట్టవచ్చు. 60 నుంచి 120 ఉంటే అది మెట్టలో దొరికే మేలైన నేల: వేరుకు పైన గాలి, కింద దాచిన నీరు. సువర్ణరేఖ మామిడి, టేకు, వేగిస దేనికైనా తగినది. ఒకటిన్నర మీటర్లు దాటినా బంక తగలకపోతే ఎండలకు మొక్క తొందరగా డస్సిపోతుంది. అక్కడ జీడి, సరుగుడు నిలుస్తాయి.

అడవికి ఎవరు గొయ్యి తీశారు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇదే నేల మీద, ఇదే బంక మీద నల్లమద్ది, తుమికి, కొండతంగేడు, అక్కడక్కడ గుగ్గిలం నిటారుగా నిలబడ్డాయి. వాటికి ఎవరూ పరీక్ష చేయలేదు. మరి మనకెందుకింత హడావుడి?

అడవి కూడా పరీక్ష చేస్తుంది, కాకపోతే ప్రాణాలు పెట్టి చేస్తుంది. పడిన గింజల్లో ఏ కొన్నో నిలుస్తాయి. గుగ్గిలం మొలక పైభాగం ఏడాదికేడాది ఎండి చస్తూ, కింద వేరు మాత్రం బలపడుతూ కొన్నేళ్ళు గడిపి, వేరు లోతుకు చేరాకే కాండం పైకి లేస్తుంది. నర్సరీ సంచిలో ఆరు నెలలు పెరిగిన మొక్కకు ఆ అవకాశం లేదు. దాని తల్లివేరు అప్పటికే సంచి అడుగున చుట్టుకుపోయి ఉంటుంది. ఆ చుట్ట కత్తిరించకుండా నాటితే బంక దాకా వెళ్ళడానికి కూడా దానికి దారి తెలియదు.

ఇంకో కారణం ఇంతకు ముందు చెప్పిన దారులే. అడవిలో బంక అంతా ఒకే ముద్ద కాదు. తరతరాల వేళ్ళు కుళ్ళి వదిలిన గొట్టాలు, చెదల సొరంగాలు అందులో నిండా ఉంటాయి. పైన రాలిన ఆకు చినుకు దెబ్బను ఆపుతుంది కాబట్టి ఇసుక నోరు మూసుకోదు. గంటకు 2 మి.మీ. తాగే బంక అడవి కింద దానికి ఎన్నో రెట్లు తాగుతుంది. ఆ అడవి కొట్టి, మొద్దులు పీకి, నాలుగేళ్ళు రొటోవేటరు తిప్పితే గొట్టాలన్నీ మూసుకుపోతాయి. పై మట్టిలో ఒక శాతం దాకా ఉన్న కర్బనం సగానికి పడిపోతుంది. తర్వాత అదే మడిలో అడవి చెట్టు నాటి "ఇక్కడిదే కదా, వచ్చేస్తుంది" అనుకుంటే రాదు. నేల పేరు అదే, లోపలి నడక వేరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంత గాలికి ఏ నేల మీదైనా చెట్లు పడతాయి, అన్నిటినీ మట్టి మీదికి నెట్టడం సరికాదు. కానీ ఏ తుఫాను తర్వాతైనా నడుం దగ్గర విరిగిన చెట్టునూ, వేళ్ళతో లేచిన చెట్టునూ విడిగా చూడాలి. లేచిన చెట్టు వేళ్ళ అడుగు బల్లపరుపుగా ఉండి, ఎర్ర బంక పలచగా అంటుకుని ఉంటే ఆ చెట్టు నిలబడింది జానెడు ఇసుక మీదే. నానిన ఇసుకకు పట్టు ఉండదు. మళ్ళీ అదే చోట అదే గొయ్యి తీసి నాటడం కంటే, పడిన చెట్టు చూపించిన లోతును కొలిచి రాసుకోవడం మేలు.

పొక్లెయిన్, కందకం, చెరువు మట్టి

జామాయిల్ కొట్టాక మొద్దులు తీయడానికి, పొదలు చదును చేయడానికి పొక్లెయిన్ దించడం ఇప్పుడు మామూలైంది. ఎకరం మీద 15 సెం.మీ. పై మట్టి తోసేస్తే అది సుమారు 900 టన్నులు. మిగిలేది ఎర్రగా, చూడ్డానికి "బలమైన నేల"గా కనిపించే బంక. చినుకు పడగానే దాని ముఖం మూసుకుంటుంది, మొలక పైకి రాదు, భాస్వరం వేస్తే ఇనుము పట్టేసుకుంటుంది. తోసిన మట్టి గట్టున పోగుపడి ఉంటుంది. మొద్దు చుట్టూ మాత్రమే తవ్వి, మిగతా నేలను కదపకుండా వదిలితే ఖర్చు కూడా తక్కువే.

బంకను లోతు దుక్కితో పగలగొట్టేస్తే సరిపోదా అంటారు. పొడిగా ఉన్నప్పుడు, వాలుకు అడ్డంగా, 45 నుంచి 60 సెం.మీ. లోతున చీల్చితే మొదటి ఏడు మేలు కనిపిస్తుంది. ఆ చీలికలోకి వెంటనే వేరు దిగకపోతే రెండు వానాకాలాల్లో మళ్ళీ మూసుకుంటుంది. అందుకే చీల్చిన గీత మీదే కంది గానీ జనుము గానీ చల్లాలి. వాటి వేళ్ళు తర్వాత గొట్టాలవుతాయి. జిప్సం వేయమనే సలహా చౌడు బంకకు చెల్లుతుంది, పుల్లటి మన కొండ బంకకు డబ్బు దండగ.

వాలు మీద కందకాలు తవ్వేటప్పుడు అడుగు బంక నెత్తి దాటి 10 సెం.మీ. దిగితే చాలు, లోపల నడిచే నీరు అక్కడ ఆగుతుంది. అంతకంటే లోతు తవ్వితే తీసిన బంకంతా కింది గట్టు మీదికి ఎక్కి, ఆ గట్టు మీద గడ్డి కూడా మొలవదు. గట్టు మీద ముందు బంక, పైన ఇసుకమట్టి పడేలా రెండు విడతల్లో వేయించాలి.

పై ఇసుకకు చెరువు మట్టి తోలడం పాత అలవాటు, అది మంచిదే, అయితే ఎంత తోలితే ఎంత మార్పో తెలుసుకుని చేయాలి. ఎకరం మీద ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 40 ఘనపు మీటర్లు, 3 ఘనపు మీటర్ల ట్రక్కులు 13 పైచిలుకు. సగం బంక ఉన్న చెరువు మట్టిని అలా తోలి 15 సెం.మీ. లోతుకు కలిపితే, 8 శాతం బంక ఉన్న పై పొర 11 శాతానికి దగ్గరవుతుంది. చోడికీ వేరుశనగకూ ఆ తేడా తెలుస్తుంది. చెట్టుకు దాని కంటే ఆకు కాల్చకుండా నేల మీద వదలడమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇప్పటికే నాటి, నీట మునుగుతున్న తోట ఉంటే చెట్టు మొదట్లో మట్టి ఎగదోయకండి, మొదలు కుళ్ళుతుంది. వాలు పై వైపున, చివరి వరస చెట్ల కొమ్మల అంచుకు మీటరు ఎగువన ఒక అడ్డు కాలువ తీయండి, అడుగు బంకలోకి 10, 15 సెం.మీ. దిగేలా. నూరు మీటర్ల పొడవుకు అర మీటరు పల్లం ఇచ్చి గెడ్డ వైపు వదలండి, అంతకంటే వాలిస్తే కాలువే కోసుకుపోతుంది. పనికి అనువైన కాలం డిసెంబరు, జనవరి, బంకలో ఇంకా గునపం దిగే తడి ఉన్నప్పుడు. తోట మధ్యలో రెండు మూడు చోట్ల పక్కలకు రంధ్రాలు పెట్టిన పీవీసీ గొట్టం బంక నెత్తి దాకా పాతండి. వచ్చే వానల్లో పెద్ద వాన వెలిసిన మూడో రోజున అందులో పుల్ల దించి చూడండి. పై నుంచి 30 సెం.మీ. లోపు నీరు తగిలితే కాలువను ఇంకో 15 సెం.మీ. లోతు చేయాలి.